చేతులెత్తి ఓడించిన భయం

మొన్న ఆదివారం మా మేనకోడలు సుమతి తన పదేళ్ళ కూతురు ఆద్యను వెంటబెట్టుకుని ఉప్పుగూడలో మా ఇంటికి వచ్చింది. వచ్చి కూర్చున్న కాసేపటికి పిల్ల తల్లి చున్నీ పట్టుకుని లాగింది. సుమతి ఏమీ అడగకుండా లేచి బాత్రూం దాకా వెళ్ళి, తలుపు మూసుకుపోకుండా చెయ్యి అడ్డం పెట్టి, మొహం ఇటు తిప్పుకుని నిలబడింది. ఇంత పిల్లకు ఇదేం అలవాటని నేను అడగబోతుంటే తనే చెప్పింది. ఎండాకాలం సెలవుల్లో తోడికోడలి ఇంట్లో పిల్లలంతా ఒక ఆట ఆడారట. కళ్ళకు తెర ఉన్న పెట్టె కట్టుకుని ఆడే వీడియో ఆట. ఒక ఇల్లు ఉంటుంది, అన్నీ మూసిన తలుపులు. ఒక్కొక్క తలుపూ తెరుచుకుంటూ పోవాలి. ఏదో ఒక తలుపు వెనక ఒకటి నిలబడి ఉంటుంది. ఏ తలుపు వెనక ఉంటుందో ముందుగా తెలియదు. మిగతా పిల్లలు కేకలు పెట్టి, నవ్వుకుని, మామిడిపళ్ళు తిని పడుకున్నారు. ఈ పిల్ల మాత్రం ఆ రోజు నుంచి మూసిన తలుపు ఉన్న ఏ గదిలోనూ ఒక్కతీ నిలబడదు. బడిలో బాత్రూంకు వెళ్ళాల్సి వస్తుందని పొద్దుట్నుంచి సాయంత్రం దాకా మంచినీళ్ళు ముట్టదు. మూత్రంలో మంట వచ్చి ఆసుపత్రికి తీసుకెళ్తేగానీ ఆ సంగతి ఇంట్లో తెలియలేదట.

"అత్తా, నువ్వు మీటింగులల్ల గంటలు గంటలు మాట్లాడ్తవు గదా, దయ్యాల్లేవు గియ్యాల్లేవు అని. జర గీ పిల్లకు చెప్పరాదే," అంది సుమతి.

"మీ అత్తగారు ఏమంటున్నరు?"

"ఆమెకేమున్నది, బేస్తారం నాడు తీస్కపోదాం అంటున్నది. కిషన్‌బాగ్ దిక్కు ఎవరో నీళ్ళల్ల ఊది ఇస్తరంట. నేను ఆపుతున్న. గని ఎన్ని దినాలని ఆపుత?"

నేను ఆద్యను దగ్గరికి పిలిచి, ఏళ్ళ తరబడి వేదికల మీద నలిగిన గొంతుతో, "తలుపు వెనక ఏమీ లేదు బిడ్డా. అది ఆట. నీకు తెలుసు కదా?" అన్నాను. పిల్ల బుద్ధిగా తలూపింది. అది నమ్మినవాళ్ళు ఊపే తల కాదు. పెద్దవాళ్ళు సరైన మాట చెప్పినప్పుడు, ఆ మాటకు ఎదురు చెప్పడానికి తన దగ్గర ఏమీ లేనప్పుడు, ఇక ఈ సంగతి ఎవరికీ చెప్పకూడదని నిర్ణయించుకున్న పిల్ల ఊపే తల. నాకు దాని బరువు తెలుసు. ఆ తర్వాత ఒక్కచోట కూర్చోలేకపోయాను. చాయ్ పెట్టడానికి లేచి చక్కెర వేయడం మరిచాను. వాకిట్లోకి వెళ్ళాను, వచ్చాను, కిటికీ తెరిచాను, మూశాను. నా నోటి నుంచి వచ్చింది నా మాట కాదు, మా బాపు మాట, అంటే మా నాన్నది. ఆ మాటను నేను కూడా ఒకప్పుడు ఇలాగే తలూపి ఒప్పుకున్నాను.

మా బాపు కరెంటు ఆఫీసులో గుమస్తా. సాయంత్రం వచ్చి సైకిలును గోడకు ఆనించి, వాకిట్లో షాబాదు బండల మీద కాళ్ళు కడుక్కుని, ఉతికిన లుంగీ కట్టుకున్నాకగానీ ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. అప్పుడు మొదలుపెడితే అన్నం మెతుకు ఆరిపోయేదాకా ఆపేవాడు కాదు. మాది పట్టాలకు దగ్గర ఇల్లు. రైలు వెళ్తుంటే గూట్లో ఇత్తడి గ్లాసులు ఒకదానికొకటి తగిలి గలగలలాడేవి. బాపు వాదనలో ఉంటే ఆ చప్పుడు ఆగేదాకా వేలు గాల్లో అలాగే నిలిపి, రైలు పోగానే ఆపినచోటే అందుకునేవాడు. ఆ ఇంటి వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉంది. అమ్మ పచ్చిపులుసులో వేసే కాల్చిన మిరపకాయల ఘాటు, అవ్వ నోట్లోని పొగాకు, కిరోసిన్ స్టవ్, వాకిలి మూలన సంపులోంచి వచ్చే బ్లీచింగ్ పొడి, వీటన్నిటి మధ్య బాపు పుస్తకాల పాత కాగితం వాసన. ఊదుబత్తి వాసన మాత్రం లేదు. మా వాడకట్టులో ఊదుబత్తి వాసన లేని ఇల్లు మాదొక్కటే.

ఆదివారం పొద్దున మా ముందు గదిలో జంపఖానా పరిచేవారు. బాపు స్నేహితులు కొందరు వచ్చేవారు. మలక్‌పేట నుంచి లింగయ్య సార్ అనే లెక్కల మాస్టారు వచ్చేవాడు, ఆయన వాదనకు దిగితే బాపు కూడా ఒకసారి గొంతు సవరించుకునేవాడు. ఉస్మానియా బిస్కట్లు, సాసర్లలో పోసుకు తాగే చాయ్, మధ్యలో ఒక విషయం. కులం, ముహూర్తం, వితంతువు బొట్టు, గ్రహణం. ప్రతిపాదించేవాడు ఒకడు, వ్యతిరేకించేవాడు ఒకడు, చివర్లో చేతులు. ఆ పద్ధతి ముందు గదికే పరిమితమై ఉంటే బాగుండేది. బాపు దాన్ని వంటింట్లోకి, వాకిట్లోకి, మా పక్కల్లోకి కూడా తెచ్చాడు. మా ఇంట్లో ఎవరికి ఏ భయం కలిగినా దానికి దిష్టి తీయడం ఉండేది కాదు, నిమ్మకాయ ఉండేది కాదు. ఆ భయాన్ని ఆదివారం సభలో తీర్మానంగా పెట్టాలి. భయపడ్డవాళ్ళే లేచి నిలబడి దాని తరఫున మాట్లాడాలి. వాదనలో ఓడిపోతే, ఓడినవాళ్ళు కూడా చివర్లో చెయ్యెత్తి అందరితో కలవాలి. తీర్పు ఏకగ్రీవం కావాలన్నది బాపు పట్టు. అమ్మకు మంగళవారం ప్రయాణమంటే ఉన్న జంకు అలాగే ఓడింది. గ్రహణం ఓడిన ఏడు మేమంతా వాకిట్లో కూర్చుని సూర్యుడికి గ్రహణం పట్టిన వేళకే మిరపకాయ బజ్జీలు తిన్నాం. గోడ మీంచి వాడకట్టంతా తొంగి చూసింది. అమ్మ ఒక్క బజ్జీ తిని, మిగతా రోజంతా కడుపు పట్టుకుని పడుకుంది. అజీర్ణం అన్నాడు బాపు. అందరం ఒప్పుకున్నాం.

నేనేమీ భయస్తురాలిని కాదు. మా ఇంట్లో సంపు కడిగేది నేనే. నల్లా రోజు విడిచి రోజు తెల్లారగట్ల వచ్చేది, వచ్చిన నీళ్ళు వాకిట్లో భూమి కింద కట్టిన ఆ తొట్టిలోకి పోయేవి. సంపు లోపల గదంత వెడల్పు, దాని నోరు మాత్రం పెద్దమనిషి భుజాలు పట్టనంత ఇరుకు. అందుకని మా వైపు చాలా ఇళ్ళలో ఆ పని పిల్లలదే. వానలకు ముందు నీళ్ళన్నీ తోడేశాక, మా సత్యం అన్న నా రెండు రెక్కలు పట్టుకుని లోపలికి దింపేవాడు. చేతిలో కొబ్బరి పీచు, బ్లీచింగ్ పొడి. లోపల చల్లగా, పచ్చిగా, చీకటిగా ఉండేది. పైన నలుచదరంగా ఒక ముక్క ఆకాశం, అందులో అన్న తల. నేను గోడలు రుద్దుతూ ఎక్కాలు అప్పజెప్పేదాన్ని. నా గొంతు నాకే పెద్ద మనిషి గొంతులా తిరిగి వినిపించేది. ఈ రోజుకీ వేదిక ఎక్కి మైకు ముందు నిలబడితే నాకు మొదట గుర్తొచ్చే మైకు ఆ సంపే.

నాకూ ఆద్య అంత వయసున్నప్పుడు, ఒక ఎండాకాలం రైలు గేటు దగ్గర ఖలీల్ భాయ్ చెప్పుల దుకాణం పక్క గదిలో వీడియో గేమ్ పెట్టాడు. రెండు టీవీలు, వాటికి తగిలించిన పెట్టెలు, రంగురంగుల క్యాసెట్లు, తెరకు దగ్గరగా వేసిన బల్లలు. నన్ను వెంటబెట్టుకుంటేనే అమ్మ బయటికి వదిలేది గనక అన్న నన్ను తీసుకుపోయేవాడు. అక్కడ నాకు పట్టుబడింది నీళ్ళ ఆట. భుజాన సంచి వేసుకున్న చిన్న మనిషి పచ్చటి నీళ్ళలోకి దిగి, అడుగున గుహల్లో ముత్యాలు ఏరుకుని, ఊపిరి అయిపోకముందే పైకి రావాలి. ఊపిరి తెర అంచున ఒక గీత. అది తరుగుతున్నకొద్దీ సంగీతం వేగం పెరిగేది. మొదట టక్... టక్, తర్వాత టకటక, చివర్లో ఇక ఖాళీ లేకుండా ఒకటే మోత. గీత అయిపోతే మనిషి నోరు తెరిచి, చేతులు వదిలేసి, మెల్లగా తిరగబడేవాడు. నేను ఆ సెలవుల్లో అతన్ని లెక్కలేనన్నిసార్లు ముంచాను. ముంచి నవ్వాను. గేమ్ ఆడి ఇంటికొస్తే దారి పొడుగునా ఆ మోత చెవిలో ఉండేది, అది ఆటలో భాగమే అనుకున్నాను.

వానలు పడే ముందు ఎప్పటిలాగే సంపులోకి దిగాను. ఒక గోడ రుద్దడం అయిపోయింది. ఆ రోజు నల్లా రోజు కాదు, అయినా ఎందుకో వదిలారు. ముందు గొట్టంలో గాలి కదిలింది. గుడ్... గుడ్. తర్వాత గుడగుడ. తర్వాత నీళ్ళు ఒక్కసారి తన్నుకొచ్చి గోడకు కొట్టుకుని, ఆ మూసిన చోట ఖాళీ లేని ఒకటే మోత. నా ఛాతీ బిగుసుకుపోయింది. నీళ్ళు నా చీలమండ కూడా తడపలేదు, అది నాకు కనిపిస్తూనే ఉంది. పైన ఆకాశం ముక్క తెరిచే ఉంది. అయినా నా ఊపిరి గీత అయిపోయింది. నేను ఎలా అరిచానో నాకు తెలియదు. అన్న రెక్కలు పట్టి లాగితే మోకాళ్ళు చెక్కుకుపోయాయి.

"ఏమైందే? తేలు కుట్టిందా?"

"నీళ్ళు... ఊపిరాడ్తలేదు..."

"గా నీళ్ళల్లనా? గన్ని నీళ్ళల్ల ఎలుకపిల్ల గూడ మునగది గదనే!"

అవ్వ వచ్చి నా అరచేతులు ముట్టుకుని చూసింది. మా బాపు తల్లి ఆమె. కొడుకు సభలు జరుగుతుంటే గడప అవతల కూర్చుని పొగాకు నలుపుకుంటూ ఏమీ మాట్లాడేది కాదు. "పిల్ల జడుసుకున్నది. అంత్రం కట్టియ్యాలె," అంది. అంత్రమంటే తాయెత్తు. సాయంత్రం బాపు కాళ్ళు కడుక్కుని, లుంగీ కట్టుకుని, అంతా విని, "కట్టేది లేదు. ఆదివారం సభల పెడదాం," అన్నాడు.

పెట్టారు. 'సంపులో అపాయం ఉంది' అన్నది తీర్మానం. నేను లేచి, నల్లా వస్తుంటే ఊపిరాడదు అన్నాను. లింగయ్య సార్ ఎంతో ప్రేమగా మొదలుపెట్టాడు. నీళ్ళు ఎంత లోతున్నయ్ బిడ్డా? నువ్వెంత పొడుగున్నవ్? మూత తెరిచే ఉండెనా? పైన అన్న ఉండెనా? మరి గా ఆటల నీళ్ళు ఉన్నయి గదా, గవి చేతికి తడి అంటుతయా? నేను ప్రతిదానికీ నిజమే చెప్పాను, చెప్పిన ప్రతి నిజం నా మీదికే తిరిగింది. చివరి ప్రశ్నకు అందరూ నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. చేతులెత్తమన్నారు. అన్నీ లేచాయి. నాది కూడా. చప్పట్లు కొట్టారు, నాకు రెండు బిస్కట్లు ఎక్కువిచ్చారు. బాపు నా తల నిమిరాడు. ఆయన అంత గర్వపడటం నేను అంతకు ముందు చూడలేదు. ఆ చెయ్యి నెత్తి మీద ఉన్నంతసేపూ నాకు అర్థమైంది ఒక్కటే: ఇక దీని గురించి మాట్లాడటానికి వీల్లేదు.

ఓడిన భయం పోలేదు. దానికి ఇంట్లో ఉండే హక్కు పోయింది, అంతే. అది దొంగలా తిరగడం మొదలుపెట్టింది. నల్లా వచ్చే పొద్దుట నేను దుప్పటి చెవులకు చుట్టుకునేదాన్ని. సంపు కడగమంటే కడుపునొప్పి. ఆ తర్వాత అది నీళ్ళ గ్లాసులోకి వచ్చింది. గ్లాసు ఎత్తి తాగుతుంటే నీళ్ళు మొహం మీదికి వస్తున్నట్టు, గొంతు తలుపేసుకున్నట్టు ఉండేది. ఎవరూ చూడనప్పుడు వేలు ముంచి పెదాలు తడుపుకునేదాన్ని. పెదాలు పగిలాయి, బడిలో ప్రార్థన వరసలో కళ్ళు తిరిగి పడ్డాను. ఎండదెబ్బ అన్నారు. వానాకాలంలో ఎండదెబ్బ ఏమిటని మా హేతువాదుల ఇంట్లో ఒక్కరూ అడగలేదు.

అవ్వ కూడా ఏమీ అడగలేదు, చూసి ఊరుకోనూ లేదు. ఒక సాయంత్రం నన్ను వాకిట్లో కూర్చోబెట్టుకుని, గౌను చేతి కింద కనపడకుండా జబ్బకు నల్లదారం కట్టింది. గ్లాసు తనే పట్టుకుంది. "మింగకు. నోట్ల పెట్టుకో, గంతే. నేను ఈడనే ఉన్న." పెట్టుకున్నాను. తర్వాత మింగాను. రోజూ అలాగే. నేను తాగాను గనక తాగానని రాస్తున్నాను, ఇందులో దాచేదేమీ లేదు. ఈ మాట ఒకసారి సభలో చెబితే, మీరు కూడా తాయెత్తును ఒప్పుకున్నారా అని ఒక యువకుడు లేచి గద్దించాడు. నాయనా, దారానికి ఏమీ తెలియదు. అది నూలు, అందులో చిటికెడు బూడిద. నా పక్కన కూర్చున్నది అవ్వ. నేను తాగలేకపోతున్నానని నన్ను అడగకుండానే నమ్మిందీ, తొందరపెట్టనిదీ అవ్వ. పని చేసింది ఆమె, పేరు కొట్టేసింది దారం. ఈ దేశంలో తాయెత్తుల వ్యాపారమంతా నడుస్తున్నది ఈ దొంగతనం మీదే. మనం దారాన్ని తెంపడానికి కత్తెర పట్టుకు తిరిగాం కానీ, ఆ పక్కన కూర్చునే పని మాత్రం ఎవరమూ చేయలేదు.

బాపు కంట పడనే పడింది. తల దువ్వుకుంటూ చెయ్యెత్తాను, గౌను చెయ్యి జారింది.

"ఎవరు కట్టిన్రు గిది?"

"నేనే కట్టిన," అంది అవ్వ, పొగాకు నలపడం ఆపకుండానే. "తెంపుతవా? తెంపు. తెంపినంక పిల్లతోని చెంబెడు నీళ్ళు తాపియ్యి, జూస్త."

"అమ్మా, పదిమంది ముందట పిల్లనే చెయ్యెత్తి ఒప్పుకున్నది, భయం లేదని."

"చెయ్యి ఎత్తిన సంగతి గొంతుకు తెల్వద్దా మరి? పిల్ల మూతి జూసినవా? సూరెకారం పెట్టినట్టు పలిగింది. మీ లింగయ్య సారుకు కనవడదు, నీకు గూడ కనవడదారా నర్సిమ్లూ?"

బాపు గబగబా లోపలికి వెళ్ళి గ్లాసు నిండా నీళ్ళు తెచ్చి నా చేతిలో పెట్టాడు. వాదన గెలవడానికి తెచ్చిన నీళ్ళు అవి. నేను ఆయన్ని గెలిపించాలనుకున్నాను, నిజంగా. గ్లాసు ఎత్తాను. నీళ్ళు పెదవి దాకా వచ్చాయి. గొంతు మూసుకుపోయింది, నీళ్ళు మెడ మీంచి గౌనులోకి కారాయి. ఆయన నా మొహం చూశాడు. ఆ చూపు నేను మరిచిపోలేదు. ఎదుటివాడి వాదనలో లోపం వెతికే చూపు కాదది. రైలు వచ్చి వెళ్ళిపోయాక కూడా ఆయన వాదన మళ్ళీ అందుకోలేదు. దారం తెంపలేదు, ఉండమనీ అనలేదు.

మర్నాడు సాయంత్రం సైకిలు మీద నన్ను ముందు కూర్చోబెట్టుకుని ఖలీల్ భాయ్ దగ్గరికి తీసుకెళ్ళాడు. చొక్కా జేబులో పెన్ను, కళ్ళజోడు, ఆఫీసు బట్టలు. బల్ల మీద కూర్చున్న పిల్లలు లేచి నిలబడ్డారు, ఎవరినో కొట్టడానికి వచ్చాడనుకుని.

"ఆయియే సాబ్, ఆయియే! పాపను ఆడిపియ్యనీకి తెచ్చిన్రా?"

"కాదు భాయ్, నేను ఆడ్త. నేర్పు."

"అరె, బచ్చోంకా ఖేల్ హై సాబ్. మీ అసొంటోళ్ళకు పత్తాలాట మంచిగుంటది."

నేను చూపించిన క్యాసెట్ పెట్టించాడు. మొదటిసారి ఆయన మనిషి దిగీ దిగగానే మునిగాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు. "అంకుల్ డూబ్ గయే!" రెండోసారి గుహ దాకా వెళ్ళాడు. ముత్యం అందింది, తిరిగే దారి తెలియలేదు, మోత మొదలైంది. బాపు ముందుకు వంగాడు. మెడ నరం లేచింది. మోత వేగం పెరిగింది, ఆయన చేతిలోని పెట్టె మీట తడబడింది, తెర మీది మనిషి నోరు తెరిచాడు.

"సాబ్, సాఁస్ తో లేలో, ఊపిరి తీస్కోండి!" అన్నాడు ఖలీల్ భాయ్ నవ్వుతూ. "నీళ్ళు టీవీల ఉన్నయ్, మీ కమీజ్ తడుస్తున్నదేంది?"

బాపు పెద్దగా గాలి పీల్చుకున్నాడు. మీట కింద పెట్టాడు. కళ్ళజోడు తీసి లుంగీకని చెయ్యి చాపి, ఒంటి మీద ప్యాంటు ఉందని గుర్తొచ్చి, చొక్కా అంచుకు తుడుచుకున్నాడు. "విజ్జీ," అన్నాడు నా వైపు తిరిగి, మెల్లగా, "నేను ఊపిరి బిగబట్టిన. ఎప్పుడు బిగబట్టిననో నాకే తెల్వదు." సైకిలు మీద ఇంటికి వస్తుంటే నాకు ఎన్నో వారాల తర్వాత ఛాతీలోకి గాలి పూర్తిగా పోయినట్టనిపించింది.

ఆ తర్వాతి ఆదివారం ఆయన లేచి, సంపు తీర్మానం మీద మనం ఇచ్చిన తీర్పును రద్దు చేయాలని అడిగాడు. ఆ గదిలో ఒకసారి ఎత్తిన చేతులను వెనక్కి తీసుకోవడం ఎన్నడూ జరగలేదు. ఖలీల్ భాయ్ గదిలో తనకేమైందో ఉన్నదున్నట్టు చెప్పాడు. లింగయ్య సార్ మొహం చిట్లించాడు.

"నర్సిమ్లన్నా, మంచిగనే ఉన్నది. రేపు దయ్యం పట్టినోడు గూడ వచ్చి గిట్లనే అంటడు. నా ఒళ్ళు వణికింది, గందుకే దయ్యం ఉన్నదంటడు. అప్పుడేమంటవ్?"

"దయ్యం లేదంట. వణుకు ఉన్నదంట. రెండు మాటలూ అంట. ఇన్నేండ్లు మనం మొదటిది చెప్పి చాయ్ తాగి ఇంటికి పోయినం."

"గట్లయితే సభ ఎందుకు? భయపడ్డోళ్ళందరికీ జోల పాడుదాం!"

"పాడాల్నంటే పాడుదాం సార్. ముందుగాల పిల్ల నీళ్ళు తాగాలె."

చేతులెత్తమని ఆయన అడగలేదు. కొందరు చాయ్ తాగకుండానే వెళ్ళిపోయారు. లింగయ్య సార్ చాలా వారాలు రాలేదు, వచ్చాక కూడా మా ఇంటి భయాలను సభలో పెట్టడమన్నది మళ్ళీ జరగలేదు. దారం ఉంచుకుంటావో తీస్తావో నీ ఇష్టమన్నాడు బాపు. ఉంచుకున్నాను. వానాకాలం నడుమ ఎప్పుడో స్నానం చేస్తుంటే కుళ్ళి తెగిపోయింది, తెగిందని అవ్వకూ నాకూ కూడా రెండు మూడు రోజుల దాకా తెలియలేదు. మేస్త్రీని పిలిచి సంపు నోరు వెడల్పు చేయించారు. ఆ పైన బాపే లుంగీ ఎగగట్టుకుని దిగి కడిగేవాడు. నేను అంచున కూర్చుని పీచు అందించేదాన్ని. లోపలికి మళ్ళీ దిగలేదు, ఎవరూ దిగమనలేదు. నీళ్ళు తాగడం వచ్చింది. ఇవాళ్టికీ షవర్ కింద నిలబడను, బకెట్టూ చెంబే నాకు. ఆ సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు, నా స్నేహితులకు తెలుసు, ఇప్పుడు మీకూ తెలుసు. నన్ను కాపాడింది ధైర్యం కాదు, ఆ సంగతి చెప్పుకునే వీలు.

అప్పటికీ ఇప్పటికీ తేడా చూస్తే నాకు కోపం ఆగదు. ఖలీల్ భాయ్ గదికి ఒక గుమ్మం ఉండేది, దాని బయట ఎండ ఉండేది. తెర ఎంత భయపెట్టినా దాని పక్కన గోడ, గోడ మీద బల్లి, వెనక చెప్పుల దుకాణంలో బేరాలు. ఇప్పుడు ఆ తెరను పిల్ల కళ్ళకే కట్టేస్తున్నారు. తల తిప్పినా అదే, వెనక నుంచి చప్పుడూ అదే. ఏ క్షణాన గుండె జారుతుందో కొలిచి, అక్కడే మెలిక పెట్టి, భయాన్ని గ్రాముల్లెక్కన తూచి సరుకుగా అమ్ముతున్నవాళ్ళు ఎక్కడో మంచి కుర్చీల్లో కూర్చున్నారు. ఆడిన పిల్లలందరికీ ఏదో అవుతుందని నేను అనను. ఎక్కువమంది నవ్వి లేచిపోతారు. లేవలేని ఆ ఒక్క పిల్లకు మనమేం చేస్తున్నాం? ఒకరు నీళ్ళల్లో ఊదుతారు. ఒకరు ఉత్త ఆటే కదా అని ఫోన్ లాక్కుంటారు. మా వాళ్ళు ఊరూరా నిప్పుల మీద నడిచి, గాలిలోంచి విభూది తీసి చూపించి, మహిమల గుట్టు విప్పి, చప్పట్లు కొట్టించుకుని బస్సెక్కుతారు. ఆ సభలో వెనక వరసలో కూర్చున్న పిల్ల తన వణుకును తనతోనే ఇంటికి తీసుకుపోతుంది. భయపడే వస్తువును కూల్చడం సులభం. ఒంటికి అలవాటైన భయం ఆ కూల్చివేత చూసి పోదు. దాన్ని కొద్దికొద్దిగా, తోడుండి, ఒంటికే వేరే అలవాటు నేర్పించి మాన్పాలి. ఆ పని నేర్చుకున్న డాక్టర్లు ఇప్పుడు ఈ ఊళ్ళోనే ఉన్నారు. మా బాపు రోజుల్లో నా కోసం అలాంటి మనిషిని వెతకాలని ఎవరికీ తట్టలేదు. ఈ రోజు తట్టీ వెళ్ళనివాళ్ళను మాత్రం నేను క్షమించలేను.

సుమతితో అదే అన్నాను.

"పిచ్చి డాక్టరా? అత్తా, మా అత్తగారింట్ల తెలిస్తే..."

"పంటికి డాక్టరుంటడు, కంటికుంటడు. గుండె దడకు ఉండొద్దా? పిల్ల నీళ్ళు తాగుతలేదు సుమతీ. బేస్తారం దాక ఆగనీకి లేదు."

చాలాసేపు నసిగింది. చివరికి నా ఎదురుగానే ఫోన్ చేసి మంగళవారానికి సమయం అడిగింది, గొంతు తగ్గించి, ఏదో తప్పు చేస్తున్నట్టు. ఆమె ఫోన్లో ఉండగా ఆద్య మళ్ళీ లేచి తల్లి వైపు చూసింది. నేను లేచాను. బాత్రూం దాకా వెళ్ళి, తలుపుకు చెయ్యి అడ్డం పెట్టి నిలబడ్డాను. అప్పుడు, వాళ్ళు రాగానే అడగాల్సిన మాట అడిగాను.

"ఆద్యా, గా ఆటల తలుపు వెనక నిలబడేది ఏంది?"

"చెప్తే అమ్మ తిడతది."

"నేను తిట్టను."

పిల్ల నా మొహం ఒకసారి పరీక్షగా చూసింది. "మనమే, అమ్మమ్మా. మన బట్టలే ఉంటయ్ దానికి. గోడ దిక్కు మొహం పెట్టి నిలబడ్తది. మనం ఊపిరి తీస్కుంటే అది గూడ తీస్కుంటది, గందుకే చప్పుడు వేరేగ వినవడదు. తలుపు తెరిచి ఉన్నంతసేపు తిరగది. మూస్తే తిరుగుతది."

అంత నెమ్మదిగా, అంత వివరంగా చెప్పింది. ఇన్ని రోజులుగా దీన్ని ఎవరూ అడగలేదని ఆ వివరంలోనే తెలిసింది. నేనేం చేస్తున్నానో తెలిసేలోపే నా తల అటు తిరిగింది. తలుపు వెనక్కి చూశాను.

"చూసినవ్!" ఆద్య ఒక్కసారి పకపకా నవ్వింది. "అమ్మమ్మా, నువ్వు గూడ చూసినవ్!"

"చూసిన."

"ఏమున్నది?"

"తువ్వాల."

"నాకు తెలుసు తువ్వాలే ఉంటదని."

"నాకు గూడ తెలుసు. అయినా చూసిన."

పిల్ల నవ్వు ఆపి నా చేతి వైపు చూసింది. తర్వాత తలుపు అంచు పట్టుకుని తనే లోపలికి లాక్కుంది, మెల్లగా, నా చెయ్యి తప్పుకునేదాకా. సందులో నాలుగు వేళ్ళు మాత్రం బయట కనిపిస్తున్నాయి.

"పోకు."

"పోను."

గొళ్ళెం పడలేదు. నేను తలుపు పక్కనే నిలబడ్డాను. కాసేపటికి ఆ వేళ్ళు ఒక్కొక్కటిగా లోపలికి వెళ్ళాయి.